చెడ్డీలో మరక పడితే విరేచనాలే అనుకోకండి: ఆపరేషన్ అయిన పిల్లలకు మలం ఆపుకునే వ్యాయామం మొదలుపెట్టే ముందు

మలద్వారం లేకుండా పుట్టి ఆపరేషన్ అయిన పిల్లలు, హిర్ష్‌స్ప్రంగ్ జబ్బుకి (పేగు చివరి భాగంలో నరాల కణాలు లేక మలం కదలని జబ్బు) పుల్‌త్రూ (ఆ భాగం తీసేసి మంచి పేగుని మలద్వారానికి కలిపే ఆపరేషన్) చేయించుకున్న పిల్లలు బడికి వెళ్లే వేళకి ఇంట్లో ఒకటే కంగారు: మరక. ఆ కంగారులో జరిగే ఒక పొరపాటు పిల్లల్ని మళ్లీ ఆసుపత్రి మంచం ఎక్కిస్తోంది. రోజంతా కొద్దికొద్దిగా పలచగా కారుతుంటే విరేచనాలనుకుని, మలం మెత్తబరిచే మందు మానేస్తారు. పైగా విరేచనాలు కట్టే మందు వేస్తారు. చాలామందిలో జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. పేగు గట్టి మలంతో నిండిపోయి, ఆ ముద్ద పక్కనుంచి నీళ్లమలం జారుతుంది. సాగిపోయిన పేగుకి స్పర్శ తగ్గుతుంది కాబట్టి కారుతున్న సంగతి పిల్లాడికి తెలియదు. కట్టే మందు పడితే ముద్ద ఇంకా బిగుస్తుంది. నిజంగానే పేగు వేగంగా కదిలే పిల్లలూ ఉంటారు, వాళ్లకి వైద్యం వేరు. ఎవరు ఏ రకమో చూసి చెప్పలేం. కడుపు ఎక్స్‌రే తీయించాకే మందు మార్చాలి. నిండిన పేగు మీద ఎంత వ్యాయామం చేయించినా వృథా.

పేగు ఖాళీ అయ్యాక మొదటి పని మరుగుదొడ్డి మీద కూర్చోబెట్టడం. తిన్న 20–30 నిమిషాలకు పేగు కదులుతుంది, అప్పుడు 5–10 నిమిషాలు చాలు. పాదాలు పీట మీద ఆనాలి, మోకాళ్లు తుంటి కంటే ఎత్తులో ఉండాలి, ఒళ్లు కాస్త ముందుకు వంచాలి. ముక్కమనకండి, సబ్బు బుడగలు ఊదమనండి. ఊదేటప్పుడు కడుపు ముందుకు పొంగి మలద్వారం దగ్గరి కండరం వదులవుతుంది. ముక్కితే చాలామంది పిల్లలు అదే కండరాన్ని బిగిస్తారు, తలుపు మూసి తోసినట్టు.

బిగించే వ్యాయామం అంటే గాలి పోకుండా ఆపుకోవడం. 5 సెకన్లు బిగించి 10 సెకన్లు వదలాలి. పిరుదుల మీద చెయ్యి వేసి చూడండి: అవి గట్టిపడినా, ఊపిరి బిగబట్టినా పనిచేస్తున్నది వేరే కండరం. వదలడం రాకముందే బిగించడం నేర్పకండి. నాలుగైదేళ్లలోపు పిల్లలకి ఇది అర్థం కాదు, కూర్చోబెట్టడంతో ఆగండి. వెన్ను కింది చివర తుంటి మధ్య ఉండే ఎముక (సేక్రమ్) సరిగా ఏర్పడని పిల్లలకి వ్యాయామం ఒక్కటే సరిపోకపోవచ్చు. రోజూ ఎనిమాతో పేగు ఖాళీ చేసుకుని శుభ్రంగా బడికి వెళ్లడం వాళ్లకి ఓటమి కానేకాదు.

ఇక చేయకూడనివి ఇవి. సర్జన్ సరేననేదాకా మలద్వారంలో గొట్టం, థర్మామీటర్, బయోఫీడ్‌బ్యాక్ ప్రోబ్ (కండరం ఎంత బిగుస్తోందో చూపే పుల్ల) ఏదీ పెట్టకండి. డైలేటర్ (ఆపరేషన్ తర్వాత మలద్వారం ఇరుకు కాకుండా వెడల్పు చేసే కడ్డీ) సైజు మీరే పెంచకండి, మధ్యలో మానకండి. ఉత్త నీళ్ల ఎనిమా వద్దు, రక్తంలో సోడియం పడిపోతుంది. ఫాస్ఫేట్ ఎనిమా రెండేళ్లలోపు పిల్లలకి అసలే వద్దు, 2014లో అమెరికా ఎఫ్‌డీఏ గట్టిగా హెచ్చరించింది. పెద్దపిల్లలకైనా 24 గంటల్లో రెండోది వద్దు. మరక పడిందని కొట్టకండి. కారుతోందని మలం మెత్తబరిచే మందు ఆపకండి. ఎక్స్‌రే లేకుండా కట్టే మందు వేయకండి. హిర్ష్‌స్ప్రంగ్ పిల్లాడికి కడుపు ఉబ్బి, జ్వరం వచ్చి, దుర్వాసనతో విరేచనం చిమ్మితే అది పేగువాపు కావచ్చు, ప్రాణం మీదకి వస్తుంది. తెల్లారేదాకా ఆగకండి.