కాలనీ చెట్టు ఎండుతోందా? ముందు దాని మొదలు దగ్గర తవ్వి చూడండి

మా కాలనీలో చెట్ల సంగతి ఎవరూ పట్టించుకోక నా నెత్తిన పడి ఎనిమిదేళ్లయింది. హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు ఉంటాం. వాట్సాప్‌లో ఫొటోలు వస్తూనే ఉంటాయి: "అంకుల్, మా గేటు ముందు చెట్టు చచ్చిపోతోంది, ఏం మందు కొట్టాలి?" ఆ ఫొటోల్లో ఎప్పుడూ ఆకులే కనిపిస్తాయి. చెట్టు మొదలు ఫొటో పంపమన్నాక గానీ అసలు సంగతి బయటపడదు. చాలావాటికి మందు అక్కర్లేదు, గునపం చాలు.

వానాకాలంలో నాటిన మొక్క ఏప్రిల్‌లో నిలువునా ఎండింది

అందరూ ఎండను తిడతారు. నేనూ తిట్టేవాణ్ణి. ఒకసారి అలా ఎండిన కానుగ మొక్కను పట్టుకుని లాగితే ముల్లంగి దుంపలా సులువుగా ఊడొచ్చింది. కింద నర్సరీ నల్ల కవర్ అలాగే ఉంది. మొక్కలు నాటే కార్యక్రమం అంటే ఫొటోల హడావుడి కదా, కవర్ చింపే ఓపిక ఎవరికీ లేకపోయింది. లోపల వేళ్లు జంతిక చుట్టలా తిరిగి బిగుసుకున్నాయి. తొమ్మిది నెలలు ఆ పిడికెడు మట్టి మీదే బతికింది పాపం.

మళ్లీ నాటేటప్పుడు గుంత అటూ ఇటూ రెండడుగులైనా ఉండాలి. అందులో ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు ఉంటే తీసేయండి. కవర్ కోసి పక్కన పడేసి, చుట్టుకుపోయిన వేళ్లను కత్తితో మూడు నాలుగు చోట్ల నిలువుగా గీసి విడదీయండి. కవర్లో మట్టి ఎంత ఎత్తు వరకు ఉందో అంతవరకే పాతండి. లోతుగా పాతితే గట్టిగా నిలబడుతుందని మన వాళ్ల నమ్మకం. నిజానికి అలా పాతితే కాండం మొదలు తడిలో నాని కుళ్లుతుంది. నిలబెట్టడానికి పక్కన కర్ర పాతి, గోనె పట్టీతో వదులుగా కడితే చాలు. ఏడాది తర్వాత ఆ కట్టు విప్పడం మర్చిపోకండి. తీగతో కట్టి వదిలేసిన మొక్కల మెడలు కోసుకుపోవడం చాలాసార్లు చూశాను.

ఇక నీళ్లు. రోజూ చెంబెడు పోస్తే పైపొర తడిసి ఊరుకుంటుంది, వేళ్లు కిందికి దిగవు. ఎండాకాలంలో వారానికి రెండుసార్లు, పాదులో బకెట్ నిండా మెల్లగా పోయండి. రెండు ఎండాకాలాలు గట్టెక్కితే చాలావరకు తన బతుకు తను బతుకుతుంది. రాలిన ఆకులు తగలబెట్టకుండా పాదులో పరిస్తే తేమ నిలుస్తుంది. అయితే అవి కాండానికి తగలకుండా చూడండి.

పీకేసే ముందు బెరడు గోటితో గీరి చూడండి. కింద పచ్చగా కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే.

లేత ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చ

పక్కన ఇల్లు కట్టి, మిగిలిన సున్నం, సిమెంటు పాదులో కలిపేసి ఉంటారు. అలాంటి మట్టిలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. చెత్త తీసేసి పశువుల ఎరువు వేయండి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. వారం పది రోజులకు మరోసారి.

పెద్ద చెట్టు పైకొమ్మలు ఏటా కాస్త కాస్త ఎండుతున్నాయి

మొదలు చుట్టూ చూడండి. టైల్స్ గానీ, సిమెంటు గానీ కాండాన్ని ఆనుకుని ఉంటాయి. నీళ్లు, గాలి రెండూ దిగవు. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని 2013లో జాతీయ హరిత ట్రైబ్యునల్ చెప్పింది. మనం కూడా ఆ మీటరు వదిలితే చాలు. పగలగొట్టేటప్పుడు సుత్తి, ఉలి వాడండి. జేసీబీని రానిస్తే సిమెంటుతో పాటు వేళ్లూ పోతాయి.

వేప చివర్లు మాడిపోయాయి

2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు ఇలాగే మాడితే జనం హడలిపోయారు. ఇది శిలీంధ్రం పని. టీ దోమ అనే పురుగు కూడా రసం పీల్చి చిగుళ్లను దెబ్బతీస్తుంది. వానల తర్వాత మొదలై చలికాలంలో ముదురుతుంది. చూడ్డానికి చచ్చినట్టే ఉంటుంది గానీ చాలా చెట్లు ఎండాకాలానికి మళ్లీ చిగురిస్తాయి. అందేవరకు ఎండు పుల్లలు కోసి తీసేయండి. చెట్టును మాత్రం నరికించకండి.

కాండం మీద చెద మట్టి

చెద ఎక్కువగా ఎండిన బెరడునే తింటుంది. మట్టి గీకేసి, లోపల చెక్క గట్టిగా ఉంటే పాదులో వేప పిండి వేయండి, చాలు. ముదిరితే కథ వేరు. మహబూబ్‌నగర్‌లోని పిల్లలమర్రి అనే పాత మర్రిచెట్టుకు 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా మందు ఎక్కించాల్సి వచ్చింది.

చెట్టు బాగానే ఉంది, మనుషులకే తలనొప్పి

శీతాకాలం సాయంత్రాల్లో ఘాటు వాసన వస్తుంటే అది ఏడాకుల పాల అయి ఉంటుంది. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో వీటిని విరివిగా నాటారు, ఇప్పుడు పూత సమయంలో జనం తల పట్టుకుంటున్నారు. ఉన్నవాటితో సర్దుకోండి, కొత్తగా మాత్రం కిటికీల పక్కన పెట్టకండి.

ఈదురుగాలికి ఒరిగింది

ఇదొక్కటి మాత్రం ఆలస్యం చేయకూడదు. ఒరిగిన దిక్కుకు ఎదురు వైపు నేల బీటలు వారిందా? మొదట్లో పుట్టగొడుగులు వచ్చాయా? ఏది కనిపించినా కింద కార్లు తీసేసి మున్సిపాలిటీకి ఫోన్ చేయండి. కరెంటు తీగల పక్కన ఉంటే కొమ్మ మీద చేయి వేయకండి, విద్యుత్ శాఖ వాళ్లనే పిలవండి. మొత్తం కొట్టేయాల్సి వస్తే నీరు, భూమి, చెట్ల రక్షణకు ఉన్న వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి.

మా వీధిలో ఎర్ర తురాయి ఇలాగే పడింది. కారణం గాలి అని అందరూ అన్నారు. మొదలు చూస్తే ఒక పక్క వేళ్లన్నీ రంపంతో కోసినట్టు తెగి ఉన్నాయి. ఏడాది కింద అక్కడే కేబుల్ కోసం గుంత తవ్వారు. ఇప్పుడు తవ్వేవాళ్లు వస్తే చాయ్ ఇప్పించి పక్కనే నిలబడుతున్నాను. "అన్నా, వేరు కనిపిస్తే కొట్టకు, దాని కిందుగా పైపు తోసెయ్" అంటే చాలామంది వింటున్నారు.