న్యాయాధిపతుల కాలక్రమాన్ని లెక్కగట్టడం ఎలా

రాజులు రాకముందు ఇశ్రాయేలును నడిపించిన నాయకుల కథ చెప్పే బైబిలు గ్రంథం న్యాయాధిపతులు. అందులో పీడన, నెమ్మది, నాయకత్వ కాలాలకు ఇచ్చిన సంవత్సరాలన్నిటినీ ఒకదాని కింద ఒకటి వేసి కూడితే 410 వస్తుంది. రాజులు మొదటి గ్రంథం 6:1 మాత్రం ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచినది మొదలు సొలొమోను నాలుగవ ఏట మందిర నిర్మాణం మొదలయ్యే వరకు 480 సంవత్సరాలే అని చెబుతుంది. ఆ 480లోనే అరణ్యయాత్ర 40 ఏళ్లు, దావీదు ఏలుబడి 40 ఏళ్లు, వాటితోపాటు యెహోషువ, ఏలీ, సమూయేలు, సౌలుల కాలాలు కూడా ఇమడాలి. వరుస కూడిక ఇక్కడ నిలవదు కనుక, ఏ కాలాలు ఒకదానిపై ఒకటి పడ్డాయో తేల్చడమే మన పని.

ముందుగా ఒక పట్టిక గీసుకోండి. అందులో సంవత్సరాల సంఖ్యతోపాటు ప్రాంతానికి కూడా ఒక గడి తప్పనిసరిగా ఉండాలి. మన పాత తెలుగు బైబిలులో ‘నలువది’, ‘ఎనుబది’ అని అక్షరాలలో ఉన్న సంఖ్యలను అంకెలలోకి మార్చేటప్పుడు ప్రతి వచనాన్ని రెండోసారి సరిచూసుకోవడం మంచిది. శత్రురాజు కూషన్రిషాతాయిము పీడన కింద 8, ఒత్నీయేలు తరువాత నెమ్మది 40, మోయాబు రాజు ఎగ్లోను కింద 18, ఏహూదు తరువాత 80, హాసోరు రాజు యాబీను కింద 20, దెబోరా బారాకుల తరువాత 40, మిద్యానీయుల కింద 7, గిద్యోను దినాలలో 40, అబీమెలెకు 3, తోలా 23, యాయీరు 22, అమ్మోనీయుల కింద 18, యెఫ్తా 6, ఇబ్సాను 7, ఏలోను 10, అబ్దోను 8, ఫిలిష్తీయుల కింద 40, సమ్సోను 20. షమ్గరు అనే న్యాయాధిపతికి సంవత్సరాలు ఇవ్వలేదు కాబట్టి అతని గడిని ఖాళీగానే వదలండి.

తరువాత, వచనమే వరుసను కట్టి చెప్పిన చోట్లను గుర్తించండి. అబీమెలెకు తరువాత తోలా (10:1, అంటే ఈ గ్రంథం 10వ అధ్యాయం 1వ వచనం), అతని తరువాత యాయీరు (10:3), యెఫ్తా తరువాత ఇబ్సాను, ఏలోను, అబ్దోను (12:8–13) వచ్చారని గ్రంథం స్పష్టంగా చెబుతుంది. ఇటువంటి ముడులను మన సౌకర్యం కోసం విప్పకూడదు. అయితే అబ్దోనుకూ 13:1లోని ఫిలిష్తీయుల పీడనకూ మధ్య అటువంటి ముడి లేదు. అక్కడ ఉన్నది ప్రజలు మరల దోషులైరన్న మాట ఒక్కటే.

నా దృష్టిలో ఈ లెక్కకంతటికీ తాళపుచెవి 10:7. యెహోవా ఇశ్రాయేలీయులను ఫిలిష్తీయుల చేతికిని అమ్మోనీయుల చేతికిని అప్పగించాడని ఆ వచనం ఒకే ఊపిరిలో చెబుతుంది. అమ్మోనీయుల కథ యొర్దానుకు తూర్పున గిలాదులోను, ఫిలిష్తీయుల కథ పడమట దాను, యూదా సరిహద్దులలోను నడిచింది. కాబట్టి ఈ రెండు పీడనలను ఒకే ఏట మొదలుపెట్టవచ్చు. సమ్సోను 20 ఏళ్లు ‘ఫిలిష్తీయుల దినములలో’ గడిచినట్లు 15:20 చెబుతున్నందున అవి ఆ 40లోనే కలిసిపోతాయి. అమ్మోనీయుల 18, యెఫ్తా 6, అతని తరువాతి ముగ్గురి 25 కలిపి 49 ఏళ్లు కాగా, ఫిలిష్తీయుల 40 ఆ 49 పక్కనే నడుస్తాయి. దీనితో 410 కాస్తా 350కి తగ్గుతుంది.

ఇంకా కొంత తగ్గించాలంటే ఏహూదు తరువాతి 80 ఏళ్లను పరిశీలించాలి. ఎగ్లోను స్వాధీనం చేసుకున్నది యెరికో ప్రాంతాన్ని; యాబీను బలం ఉత్తరాన హాసోరులో ఉండేది. ఏహూదు చనిపోయాడని 4:1 చెబుతుందే తప్ప, ఆ 80 ఏళ్లు అతని మరణంతో ముగిశాయని ఎక్కడా చెప్పదు. దక్షిణాన నెమ్మది సాగుతుండగానే ఉత్తరాన యాబీను 20 ఏళ్లు పీడించి ఉండవచ్చు. ఇది ఊహే గనుక పట్టికలో పెన్సిలుతో రాసుకోండి.

ఈ సంఖ్యలలో 40, దాని రెట్టింపు 80, సగం 20 పదేపదే రావడం కూడా గమనించవలసినదే. 480 సైతం పన్నెండు నలభైలు. వీటిని తరానికి గుర్తుగా చూసే పండితులు చాలామంది ఉన్నారు. తోలా 23, యాయీరు 22 వంటివి ఆ అచ్చులో పోసినవి కావు. యొర్దానుకు తూర్పున ఉన్న హెష్బోనులో ఇశ్రాయేలీయులు 300 ఏళ్లుగా నివసిస్తున్నారని యెఫ్తా చెప్పినది (11:26) అమ్మోనీయుల రాజుతో వాదిస్తూ అన్న మాట కాబట్టి దానిని ఉజ్జాయింపు సంఖ్యగా తీసుకోవడమే మేలు. అపొస్తలుల కార్యములు 13:20లోని 450 ఏ కాలానికి చెందుతుందన్నది ప్రాచీన ప్రతులలోనే ఒకేలా లేదు. 410కి యాజకుడు ఏలీ న్యాయం తీర్చిన 40 ఏళ్లు కలిపితే సరిగ్గా 450 రావడం చూసి తొందరపడకండి.

ఇక క్రీస్తుపూర్వ సంవత్సరాలు. సొలొమోను నాలుగవ ఏడు సుమారు క్రీ.పూ. 966 అనుకుంటే, నిర్గమం (ఐగుప్తు విడిచిన సంఘటన) 1446కు చేరుతుంది; అందులోంచి అరణ్యయాత్ర 40, యెఫ్తా చెప్పిన 300 తీసివేస్తే యెఫ్తా సుమారు 1106కు చేరతాడు. నిర్గమాన్ని 13వ శతాబ్దంలో పెట్టేవారికి న్యాయాధిపతుల కాలం రెండు శతాబ్దాలకు లోపే మిగులుతుంది. ఏ పక్షం వహించినా బయటి ఆధారాలు రెండింటిని దాటలేము. సుమారు 1208 నాటి ఐగుప్తు రాజు మెర్నెప్తా శిలాశాసనం ఇశ్రాయేలును కనానులోని జనంగా పేర్కొంటుంది. ఫిలిష్తీయులు తీరంలో స్థిరపడటం, సుమారు 1177లో ఐగుప్తు రాజు మూడవ రామెసేసు సముద్రజాతులతో (ఫిలిష్తీయులు కూడా ఉన్న దండెత్తిన జాతుల గుంపుతో) చేసిన యుద్ధానికి ముడిపడి ఉంది. అందువల్ల సమ్సోనును అంతకంటే ముందు కాలంలో పెట్టడం కష్టం.

17 నుండి 21 వరకు ఉన్న అధ్యాయాలను మాత్రం పట్టిక చివర చేర్చకండి. 20:28లో అహరోను మనుమడైన ఫీనెహాసు ఇంకా సేవ చేస్తున్నాడు. సమ్సోను కథలో కనిపించే మహనెదాను (13:25) అనే పేరు ఎలా వచ్చిందో 18:12 వివరిస్తుంది. కాబట్టి ఆ సంఘటనలు సమ్సోనుకు ముందువి. ఫీనెహాసు ఉన్న యుద్ధాన్ని, అంటే 20వ అధ్యాయంలో బెన్యామీనీయులతో తక్కిన గోత్రాలు చేసిన యుద్ధాన్ని, ఒత్నీయేలు గడి దగ్గరే రాసుకోవాలి.