పాత కంపూర్ షట్టర్ రిలీజ్ మొరాయిస్తే: విప్పే ముందు జాగ్రత్తలు

నొక్కినా షట్టర్ పడటం లేదనగానే చాలామంది చెయ్యి స్క్రూడ్రైవర్ మీదికి పోతుంది. దయచేసి ఆగండి. మ్యూనిచ్‌లో డెకెల్ ఫ్యాక్టరీ 1912లో మొదలుపెట్టిన, పాత కెమెరాల లెన్సు మధ్యలో రేకులు తెరుచుకుని మూసుకుంటూ వెలుతురును వదిలే షట్టర్ల వంశం ఇది. కొత్త విడిభాగాలు దొరకవు. ఒక లివర్ వంగినా, ఒక స్ప్రింగు ఎగిరిపోయినా అదే రకం, అదే సైజు షట్టర్ ఇంకోదాన్ని బలి ఇవ్వాల్సిందే. ఇక్కడ చెప్పేది చుట్టూ ఉన్న రింగు తిప్పి స్పీడు పెట్టే రకం గురించి. పైన చిన్న డయల్ ఉండే ఇంకా పాత రకం లోపలి అమరిక వేరు. ఇది చదివి దాన్ని విప్పకండి.

లోపం ఎక్కడుందో ముందు బయటినుంచే తేల్చుకోవాలి. రిలీజ్ కేబుల్ (షట్టర్‌ని నొక్కడానికి బిగించే తీగ) తీసేసి, స్పీడు 50 (సెకనులో 50వ వంతు) దగ్గర పెట్టి, కాక్ చేసి (స్ప్రింగు బిగించి), షట్టర్ మీదున్న రిలీజ్ లివర్‌నే వేలితో మెల్లగా నొక్కండి. పడిందా? అయితే తప్పు కేబుల్‌ది, షట్టర్ ముట్టుకోవద్దు. కేబుల్ మరలు పూర్తిగా ఎక్కకపోయినా, లోపలి తీగ ముడుచుకున్నా పిన్ను లివర్ దాకా రాదు. పిన్ను మరీ పొడవైతే ఇంకా ప్రమాదం: షట్టర్ పడ్డాక కూడా నెడుతూనే ఉంటే లివర్ వంగుతుంది. రిలీజ్ చెడిపోవడానికి మేం ముందుగా అనుమానించేది దీన్నే. పడిన చప్పుడు వినగానే బొటనవేలు ఆపేయండి.

100లో బాగా పడి, 1 సెకనులో మధ్యలో ఆగిపోతే అది రిలీజ్ లోపం కాదు, స్లో స్పీడ్ల గేర్లలో పాత నూనె గట్టిపడింది. చప్పుడు వచ్చినా రేకులు తెరుచుకోకపోతే రేకుల మీద నూనె పొర పట్టి అంటుకున్నాయి. నొక్కిన లివర్ వెనక్కి రాకపోతే దాని సన్న స్ప్రింగు తన మేకు మీంచి జారి ఉండొచ్చు. ఇది ఇంట్లో సరిచేసుకోదగ్గది. కాక్ చేసినా నిలవకుండా తనంతట తానే పడిపోతుంటే, పట్టి ఉంచే కొక్కెం స్ప్రింగు జారిందా చూడండి. జారలేదంటే కొక్కెం అంచు అరిగినట్టే. దాన్ని ఆకురాయితో సాపు చేయాలని మాత్రం చూడకండి. కోణం వెంట్రుకవాసి మారినా ఇక ఎప్పటికీ పట్టదు.

విప్పక తప్పదనుకుంటే ఫ్యాన్ ఆపండి, తెల్లగుడ్డ పరిచిన అంచుల పళ్లెంలో పని చేయండి. గడియారాల పనివాళ్లు వాడే 1, 1.2, 1.4 మిల్లీమీటర్ల స్క్రూడ్రైవర్లు, కంటికి పెట్టుకునే లూప్ (భూతద్దం), మంచి ట్వీజర్లు ఉండాలి. ముందూ వెనకా గాజు భాగాలు రెండూ తిప్పి తీసి పక్కన పెట్టండి. వాటి కింద పల్చటి ఇత్తడి రింగు కనిపిస్తే అది ఏ వైపుదో రాసుకోండి. పోతే ఫోకస్ నాణ్యత పోతుంది.

కాక్ అయి ఉన్న షట్టర్‌ని విప్పకూడదు. ముఖ్య స్ప్రింగు బిగువు మీద ఉంటుంది. ముందు షట్టర్ పడేలా చేయండి, పడకపోతే ఆ స్ప్రింగు దగ్గరి స్క్రూల జోలికి పోకండి. ముందువైపు రింగుని ఆపే చిన్న స్క్రూ ఒకటుంటుంది, అది వదలకుండా రింగు తిప్పితే మరలు చెడతాయి. స్పీడు రింగు ఏ అంకె దగ్గర ఉందో ఫోటో తీసి, అక్కడే ఉంచి ఎత్తండి. దాని కిందున్న పలక గాళ్లలో లోపలి పిన్నులు నడుస్తాయి. తిరిగి పెట్టేటప్పుడు పలక చదునుగా కూర్చోకపోతే ఏదో పిన్ను గాడిలో పడలేదన్నమాట. నొక్కితే పిన్ను వంగుతుంది. ఎత్తి మళ్లీ పెట్టండి.

శుభ్రానికి లైటర్‌లో పోసే నాఫ్తా చాలు, సన్న బ్రష్షుతో, కిటికీలు తెరిచి, దగ్గర్లో పొయ్యి, అగరుబత్తి లేకుండా. కిరోసిన్ జిడ్డు మిగులుస్తుంది. కుట్టుమిషన్ నూనె, డబ్ల్యూడీ-40 చుక్క వేస్తే ఆ రోజుకు హాయిగా ఆడుతుంది, తర్వాత పాకి రేకుల మీదికి చేరుతుంది. గడియారం నూనె సూది మొనతో, ఇరుసుల దగ్గర మాత్రమే. రేకులకు చుక్క కూడా వద్దు. వానాకాలంలో ఉక్కు భాగాలకు తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి విప్పిన పని మర్నాటికి వదిలేయకండి. తప్పనిసరైతే సిలికా జెల్ పెట్టిన డబ్బాలో మూయండి.

బిగించాక ముందు 25, 50లో పదేసి సార్లు, తర్వాత స్లో స్పీడ్లు. అన్నిటికన్నా పై స్పీడుకు అదనపు స్ప్రింగు తోడవుతుంది, కనుక దాన్ని కాక్ చేయకముందే పెట్టాలి, కాక్ చేశాక మార్చకూడదు. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల వీడియో తీస్తే ఒక్కో ఫ్రేము సుమారు 4 మిల్లీసెకన్లు. 1/25 దాకా లెక్క నమ్మొచ్చు, 1/100కి రెండున్నర ఫ్రేములే కాబట్టి నమ్మలేం. 1 సెకను 1.25 దాకా సాగినా మూడో వంతు స్టాపే (ఒక స్టాపంటే వెలుతురు రెట్టింపు) తేడా, నెగటివ్ తట్టుకుంటుంది. అదే స్పీడు పదిసార్లలో ఒక్కోసారి ఒక్కోలా వస్తుంటే మాత్రం లోపల ఇంకా మురికి ఉంది, మళ్లీ నాఫ్తా పట్టించాలి.