జేసీబీ రాకముందే: ఊళ్ళో పాత రాళ్ళను పంచాయతీ ద్వారా కాపాడుకోవడం ఎలా

ఊళ్ళో డబుల్ రోడ్డో, వెంచరో, మిషను పెట్టి చెరువు పూడిక తీయడమో మొదలైందంటే ముందుగా మాయమయ్యేవి దారి పక్కన పడున్న పాత రాళ్ళే. బస్టాండు దగ్గర సగం కూరుకుపోయిన వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి), చెరువుకట్ట మీద శాసనం, చేలల్లో రాకాసి గుళ్ళు (ఆదిమకాలపు పెద్ద బండల సమాధులు), ఊరి బయట పాటిగడ్డ (పాత ఊరు శిథిలమై మిగిలిన మట్టిదిబ్బ). వీటికి బోర్డుండదు, కంచె ఉండదు. కాంట్రాక్టరుకు వాటి మీద పగేమీ లేదు, ఆయన చేతిలో ఉన్న ఎస్టిమేట్‌లో ఆ రాయి లేదు, అంతే. అందుకే సర్పంచులకైనా, వార్డు మెంబర్లకైనా, పంచాయతీ కార్యదర్శులకైనా, ఇలాంటివాటి మీద ఆసక్తి ఉన్న కుర్రాళ్ళకైనా నేను చెప్పేది ఒకటే: పని మంజూరు కాకముందే రాయిని కాగితం మీదికి ఎక్కించండి.

మొదట ఊరంతా తిరగాలి. గొర్రెలు కాసేవాళ్ళనో, నీరటి పని (చెరువు నీళ్ళు పొలాలకు వదిలే పని) చేసిన పెద్దాయన్నో వెంటబెట్టుకోండి, ఏ పొలంలో ఏ రాయుందో వాళ్ళకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ప్రతిదానికీ నాలుగు వైపులనుంచీ, పక్కన స్కేలు పెట్టి, ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి ఫోటోలు తీయండి. సర్వే నంబరు, పట్టాదారు పేరు, ఊళ్ళో దాన్ని ఏమని పిలుస్తారో కూడా రాసుకోండి. శాసనమైతే అక్షరాలు కనబడట్లేదని సుద్దముక్కతో దిద్దడం, మేకుతో గీకడం, మరీ ఉత్సాహం ఎక్కువైతే ఎనామిల్ పెయింట్ పూయడం చూస్తుంటాం, దయచేసి అవేవీ వద్దు. చీకటి పడ్డాక వెళ్ళి టార్చిలైటు ఒక పక్కనుంచి, రాయికి దాదాపు ఆనించినట్టు ఏటవాలుగా వేయండి, పగలు నున్నగా కనబడ్డ బండ మీద అక్షరాలు వరసలు వరసలుగా తేలతాయి. ఆ ఫోటోలు మైసూరులోని భారత పురావస్తు సర్వే శాసన విభాగానికో, దగ్గర్లో ఉన్న యూనివర్సిటీ చరిత్ర శాఖకో పంపితే చదివి చెప్పేవాళ్ళుంటారు. అందులో ఏముందో తెలిశాక ఊళ్ళో ఆ రాయికి దక్కే మర్యాదే వేరు.

తర్వాత గ్రామసభ తీర్మానం. 'మన వారసత్వాన్ని కాపాడుకుందాం' లాంటి మాటలు అందులో ఎన్ని రాసినా దండగే. ఏ సర్వే నంబరులో ఉంది, ఎత్తెంత, రోడ్డు అంచునుంచి ఎన్ని మీటర్లు, చుట్టూ ఎంత మేర తవ్వకూడదు అన్నవి రాయించండి, ఫోటోలు జత చేయండి. స్థలం పంచాయతీదే అయితే ఆస్తుల రిజిస్టరులోనూ ఎక్కించమని కార్యదర్శిని అడగండి. కాపీలు తహసీల్దారుకు, ఎంపీడీఓకు, కలెక్టరుకు, పురావస్తు శాఖకు (తెలంగాణలో వారసత్వ శాఖ అంటున్నారు) పంపాలి. ఇంకొకటి పంచాయతీరాజ్ లేదా ఆర్ అండ్ బీ ఏఈకి ఇవ్వాలి, అన్నిటికన్నా ముఖ్యమైన కాపీ అదే, ఎందుకంటే ఎస్టిమేట్ తయారయ్యేది ఆయన టేబుల్ మీదే. పంచాయతీకి ఈ పెత్తనం ఎక్కడిదని ఎవరైనా అంటే, రాజ్యాంగం 11వ షెడ్యూలులోని 29 అంశాల్లో సాంస్కృతిక కార్యకలాపాలూ, సామాజిక ఆస్తుల నిర్వహణా రెండూ ఉన్నాయని చెప్పండి. ఒక్క తీర్మానంతో అది రక్షిత కట్టడం అయిపోదు, ఆ భ్రమ పెట్టుకోవద్దు. కానీ రేపు 'మాకు తెలియదండీ' అనే మాటకు మాత్రం అవకాశం ఉండదు.

ఇప్పటికే రక్షిత జాబితాలో ఉందేమో కూడా చూడండి. కేంద్రానిది 1958 చట్టం, ఆంధ్రప్రదేశ్‌కు 1960 చట్టం, తెలంగాణకు 2017 నాటి వారసత్వ చట్టం. కేంద్ర జాబితాలో ఉంటే 2010 సవరణ ప్రకారం రక్షిత ప్రాంతం హద్దునుంచి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం కుదరదు, ఆపైన మరో 200 మీటర్లు అనుమతి ఉంటేనే కట్టాలి. కొలత మొదలయ్యేది రక్షిత స్థలం హద్దునుంచి, గుడి గోడనుంచి కాదు, గొడవలు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. పాడుచేస్తే రెండేళ్ళ వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

జాబితాలో లేకపోతే? మన ఊళ్ళలో చాలావాటి పరిస్థితి ఇదే. వెంచర్ల విషయంలో మాత్రం ఒక మంచి ఉపాయం ఉంది. లేఅవుట్‌లో పదిశాతం ఖాళీ స్థలం ఎలాగూ వదిలి స్థానిక సంస్థకు రాసివ్వాలి కదా, ఆ పదిశాతాన్ని నిలువురాయో (ఆదిమకాలంలో నిలబెట్టిన పెద్ద బండ), రాకాసి గుడో ఉన్న చోటే వదలమని డ్రాఫ్టు ప్లాన్ దశలోనే అడగండి. ఓనరుకు పోయే గజం లేదు, పైగా పార్కులో మూడువేల ఏళ్ళనాటి రాయి ఉందని బ్రోచర్‌లో కూడా వేసుకోవచ్చు. ప్లాట్లకు హద్దురాళ్ళు పాతాక అడిగితే ఎవరూ వినరు.

పాటిగడ్డల సంగతి వేరు. పాటిమన్ను పొలానికి బలమని ట్రాక్టర్లకొద్దీ తోలుకుపోతారు, ఆ మట్టితోపాటే కుండపెంకులూ, పూసలూ, పాత ఇళ్ళ పునాదులూ పోతాయి. అమరావతి స్తూపానికి జరిగిందీ ఇలాంటిదే. 1790ల్లో కొత్త ఊరి కట్టడాల కోసం దిబ్బలోంచి రాళ్ళూ ఇటుకలూ తీశారు, ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1798లో చూసి 1816లో మళ్ళీ వచ్చేసరికి నడుమ చెరువు తవ్వి ఉంది. కాబట్టి మట్టి తోలకానికి అనుమతి అడిగినప్పుడే ఆ సర్వే నంబరులో పాటిగడ్డ ఉందేమో చూసుకోవాలి.

తవ్వుతుండగా ఏదైనా బయటపడితే పని ఆపి, వస్తువును ఉన్నచోటే ఉంచి, కడక్కుండా, పగలగొట్టకుండా ఫోటో తీసి తహసీల్దారుకు చెప్పండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లోనే ఉంది, దాని ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఆ రాత్రికి కాపలా పెట్టడం మాత్రం మరచిపోవద్దు. గుప్తనిధులంటూ పుకారు లేచిందంటే తెల్లారేసరికి అక్కడ గొయ్యే మిగులుతుంది.

రాయిని జరపడం అన్ని దారులూ మూసుకుపోయాకే. శ్రీశైలం ముంపులో పోవాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు, జరపడం సాధ్యమే, కానీ ఆ పని తెలిసినవాళ్ళు దగ్గరుండాలి. ఒక్క వీరగల్లయినా సరే పురావస్తు శాఖకు రాసి, అది ఏ దిక్కుకు తిరిగి ఉందో, ఎంత లోతులో పాతి ఉందో నోట్ చేసుకున్నాకే లేపాలి. కొత్తచోట గద్దె కట్టేటప్పుడు మేస్త్రి పక్కనే నిలబడండి, లేదంటే శాసనం కింది రెండు మూడు వరసలు సిమెంటులోకి పోతాయి, మంచి మనసుతో చేసిన పనుల్లో ఎక్కువగా జరిగే నష్టం ఇదే.

పట్టణాలవాళ్ళకు బన్సీలాల్‌పేట మెట్లబావి ఉంది చూడండి, సికింద్రాబాద్‌లో ఏళ్ళ తరబడి చెత్తతో పూడిపోయిన బావిని మున్సిపల్ యంత్రాంగం స్వచ్ఛంద సంస్థతో కలిసి బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచింది. కమిషనరును కలిసేటప్పుడు ఆ ఫోటోలు పట్టుకెళ్ళండి.

ఇవేవీ చేయకముందే మిషను వచ్చేసిందా? డ్రైవరుతో గొడవ పెట్టుకోవద్దు, అతనిది రోజుకూలీ. వీడియో తీయండి, సర్పంచును, తహసీల్దారును అక్కడికి పిలవండి, వాట్సాప్‌లో ఫోటోతో పాటు సర్వే నంబరు కూడా పంపండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలోనో, ఆంధ్రాలో అయితే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. వెంటనే ఆ పని ఎస్టిమేట్, లేఅవుట్ అనుమతి కాపీలు సమాచార హక్కు కింద అడగండి, గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపై ఆఫీసుల్లో 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. హైకోర్టు దాకా వెళ్ళాల్సివస్తే లాయరు మొదట అడిగేది ఈ కాగితాలే. 2019లో హైదరాబాద్‌లోని పాత ప్యాలెస్ ఎర్రమంజిల్‌ను కూల్చాలన్న క్యాబినెట్ నిర్ణయాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసిందని కూడా ఆయనకు గుర్తు చేయండి.