పరోక్ష నిరూపణ, 5వ పాఠం: “కాదు” అంటే ఎన్ని దారులు?

త్రిభుజంలో పెద్ద భుజానికి ఎదురుగా పెద్ద కోణం ఉంటుందని పోయిన పాఠంలో నేరుగా నిరూపించాం. ఈసారి దాని విపర్యయం: పెద్ద కోణానికి ఎదురుగా పెద్ద భుజం. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసిన ‘ఎలిమెంట్స్’ మొదటి పుస్తకంలో అది 18వ ప్రతిపాదన, ఇది 19వది. 18ని నేరుగా తేల్చిన మనిషి 19 దగ్గర పరోక్ష దారి పట్టాడు: చూపాల్సింది కాదనుకుని, అలా అనుకుంటే విరుద్ధత వస్తుందని చూపడం.

ఉమ్మడి నల్లగొండ జిల్లా పటం ముందు పెట్టుకోండి. నల్లగొండ (న), మిర్యాలగూడ (మ), దేవరకొండ (ద) చుక్కలను స్కేలుతో కలపండి. రోడ్ల వంకరలతో మనకు పనిలేదు. మూడు గీతల్లో మ-ద పొడవైనది. అంటే కోణమానిని తీయకుండానే చెప్పొచ్చు, పెద్ద కోణం నల్లగొండ దగ్గరే. ఇంతవరకు పాత పాఠమే.

ఇప్పుడు పొడవులు తెలియవనుకోండి. ∠న > ∠ద అన్నదొక్కటే దత్తాంశం. ∠నకు ఎదురుగా మ-ద, ∠దకు ఎదురుగా న-మ. మ-ద > న-మ అని చూపాలి.

కాదనుకుందాం.

చాలామంది జారేది ఇక్కడే. “పెద్దది కాదు” అనగానే “అయితే చిన్నది” అని రాసేస్తారు. సమానం కూడా కావచ్చు కదా! బస్టాండులో మనం రోజూ ఇట్లాగే వాదిస్తాం: “దేవరకొండ బస్సు పోయి ఉంటే ఇంతమంది ఇక్కడెందుకుంటారు? ఇంకా రాలేదన్నట్టే.” వాదన తీరు బాగానే ఉంది, కానీ బస్సు కిక్కిరిసి వచ్చి వీళ్లను ఎక్కించుకోకుండానే పోయిందేమో! అక్కడ ఆ కంత ఉన్నా నడుస్తుంది. నిరూపణలో నడవదు, ప్రతి దారీ మూయాలి.

మొదటి దారి: మ-ద = న-మ. అప్పుడిది సమద్విబాహు త్రిభుజం, సమాన భుజాల ఎదుటి కోణాలు సమానం, అంటే ∠న = ∠ద. దత్తాంశానికి విరుద్ధం.

రెండో దారి: మ-ద < న-మ. పోయిన పాఠం ప్రకారం పెద్ద భుజం న-మకు ఎదురుగా ఉన్న ∠ద పెద్దదవ్వాలి. ఇదీ దత్తాంశానికి విరుద్ధమే.

మూడో దారి లేదు. కాబట్టి మ-ద > న-మ.

“విరుద్ధం” అని రాసిన ప్రతిచోటా దేనికి విరుద్ధమో పక్కనే రాయండి: దత్తాంశానికా, ముందే నిరూపించిన సిద్ధాంతానికా? “బొమ్మలో అట్ల కనిపించట్లేదు” అన్నది విరుద్ధత కాదు. నన్నడిగితే, దేనికి విరుద్ధమో రాయని నిరూపణకు సగం మార్కులే.

దీన్ని వెంటనే వాడుకుందాం. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ తిన్నగా పారే చోట, చేను మూల (చ) నుంచి కాలువ గట్టుకు పైపు వేయాలి. లంబంగా వేస్తే గట్టును ప దగ్గర తాకుతుంది. ఇంకెక్కడ తాకినా ఆ చోటును ర అనండి. చ-ప-ర త్రిభుజంలో ∠ప 90°, మిగతా రెండూ కలిపితే 90°, కాబట్టి ∠ర 90° కన్నా తక్కువ. పెద్ద కోణం ∠పకు ఎదురుగా ఉన్న చ-ర పొడవెక్కువ. లంబమే పొట్టిదారి, పైపు ఖర్చూ తక్కువ.

ఇక మీ వంతు. రెండు త్రిభుజాల్లో రెండేసి భుజాలు వరుసగా సమానం. మొదటిదాని మూడో భుజం రెండోదాని మూడో భుజం కన్నా పెద్దది. ఆ సమాన భుజాల మధ్య కోణం కూడా మొదటిదాంట్లోనే పెద్దదని పరోక్షంగా చూపండి. ఒక దారి మూయడానికి భు.కో.భు. (భుజం-కోణం-భుజం) సర్వసమానత్వం చాలు. రెండో దారికి, సమాన భుజాల మధ్య కోణం పెద్దదైతే మూడో భుజం పెద్దదవుతుందన్న సిద్ధాంతాన్ని వాడుకోవచ్చు. దాని నిరూపణ 6వ పాఠంలో చేద్దాం.