గర్భసంచి ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చాక: బాగానే ఉన్నా అనిపించే రోజుల్లోనే ఎక్కువ జాగ్రత్త

మొదటి వారం ఎవరికీ పెద్దగా చెప్పక్కర్లేదు, నొప్పే కదలనివ్వదు. అసలు తంటా రెండో వారం దాటాక మొదలవుద్ది. నొప్పి తగ్గింది, పైన కుట్లు ఆరిపోయాయి, మొహంలో కళ వచ్చింది, ఇంక నాకేంటి అనుకుని నిండు బకెట్ ఎత్తేస్తారు. గర్భసంచితో పాటు దాని మూతి కూడా తీసినప్పుడు యోని పైభాగాన్ని లోపల కుట్లేసి మూస్తారు, ఆ కుట్లు మీకు కనపడవు, నొప్పి కూడా పెద్దగా తెలీదు, కానీ అవి గట్టిపడటానికి వారాలు పడుతుంది. ల్యాప్రోస్కోపీలో పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలే ఉంటాయి కాబట్టి చిన్న ఆపరేషనే అనుకుంటారు గానీ లోపల కోసింది, కుట్టింది తక్కువేం కాదు.

అన్ని ఆపరేషన్లూ ఒకటి కాదు, అది ముందే చెప్పాలి. డీ అండ్ సీ (గర్భసంచి లోపలి పొర గీకి తీయడం), హిస్టెరోస్కోపీ (సన్న కెమెరా గొట్టంతో గర్భసంచి లోపల చూడటం) లాంటివైతే చాలామంది ఒకట్రెండు రోజుల్లో మామూలైపోతారు. ల్యాప్రోస్కోపీతో అండాశయం మీద సిస్ట్ (నీటి తిత్తి) తీస్తే ఒకటి రెండు వారాలు. గర్భసంచి తీసేస్తే మాత్రం, పొట్ట కోసి చేసినా ల్యాప్రోస్కోపీ అయినా కింద నుంచి తీసినా, లోపల మానడానికి 6 నుంచి 8 వారాలు లెక్కేసుకోండి. కోసి చెయ్యకపోతే తేలిక పనులు కొంచెం ముందే మొదలెట్టొచ్చు, అంతే తేడా. ఆరు వారాలు అయ్యే తేదీ క్యాలెండర్ మీద పెద్దగా రాసిపెట్టండి, అది మీకోసం కాదు, ఇప్పుడు బాగానే ఉన్నావుగా అనే ఇంట్లోవాళ్ల కోసం.

మంచం మీంచి నేరుగా లేవకండి. మోకాళ్లు మడిచి, ఒళ్లంతా ఒకేసారి పక్కకి తిరిగి, కాళ్లు కిందకి దించుతూ చేత్తో మంచాన్ని నొక్కి లేవాలి. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా నవ్వొచ్చినా పొట్టకి దిండు అదిమి పట్టుకోండి, చాలా తేడా తెలుస్తుంది. ల్యాప్రోస్కోపీ అయినవాళ్లకి భుజం నొప్పి వస్తే కంగారుపడిపోతారు, పొట్టకి ఆపరేషన్ చేస్తే భుజం ఎందుకు నొప్పి అని. లోపల చూడటానికి పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపుతారు కదా, కొంచెం మిగిలిపోయి ఊపిరితిత్తుల కింద ఉండే పొరని ఇబ్బంది పెడితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో పోతుంది, కాసేపు నడిస్తే హాయి.

నొప్పి మాత్రలు మొదటి కొన్ని రోజులు డాక్టర్ రాసిన టైముకి వేసుకోండి, నొప్పి భరించలేనంత అయ్యాక వేసుకుంటే అది తగ్గడానికి ఇంకా ఎక్కువ టైం పడుతుంది. ఒకటే చూసుకోవాలి, పారాసిటమాల్ వేరే పేర్లతో రెండు మాత్రల్లోనూ ఉండొచ్చు, రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు, బరువు తక్కువున్నా లివర్ సమస్య ఉన్నా ఇంకా తక్కువే. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి తిన్నాకే వేసుకోవాలి, అల్సర్ గానీ కిడ్నీ సమస్య గానీ ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పండి.

ఇప్పుడు ఎవరూ పైకి మాట్లాడని విషయం, మోషన్. మత్తు మందు, గట్టి నొప్పి మాత్రలు, కదలకుండా పడుకోవడం అన్నీ కలిసి పేగుల్ని బద్ధకంగా చేసేస్తాయి, రెండు మూడు రోజులు రాకపోవడం మామూలే. కానీ ముక్కితే ఆ ఒత్తిడంతా లోపలి కుట్ల మీదే పడుతుంది, అందుకే ఇది చిన్న విషయం కాదు. నీళ్లు బాగా తాగండి, పీచు ఉన్న తిండి తినండి, మోషన్ మెత్తబడే మందు రాయమని డిశ్చార్జ్ రోజే అడిగేయండి, ఇంటికొచ్చి మూడు రోజులు బాధపడ్డాక కాదు. కమోడ్ మీద కూర్చున్నప్పుడు కాళ్ల కింద చిన్న స్టూల్ పెట్టుకుంటే సులువవుతుంది. గ్యాస్ కూడా పోకుండా పొట్ట ఉబ్బి వాంతులవుతుంటే మాత్రం ఇంటి చిట్కాలు వద్దు, హాస్పిటల్‌కి వెళ్లాలి.

నడక మొదటి రోజు నుంచే, ఇంట్లోనే, కొంచెం కొంచెంగా. పడుకునే ఉంటే కాళ్లల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. రక్తం పలచబడే ఇంజెక్షన్లు రాస్తే బాగానే ఉన్నాగా అని మధ్యలో ఆపొద్దు. మెట్లు నిదానంగా ఎక్కొచ్చు. బరువు విషయానికొస్తే 4, 5 కిలోలు దాటింది ఏదీ ఆరు వారాలు ఎత్తకూడదు, బరువైనవి నెట్టడం లాగడం కూడా వద్దు. చిన్న పిల్లలుంటే ఇదే కష్టం, వాళ్లకి అర్థం కాదు. మీరు సోఫాలో కూర్చుని వాళ్లనే ఎక్కి పక్కకి రమ్మనండి, వంగి ఎత్తుకోకండి.

బ్లీడింగ్ గురించి చాలా భయపడతారు. లేత ఎరుపు, గోధుమ రంగు మరకలు నాలుగు నుంచి ఆరు వారాల వరకు కనపడొచ్చు, లోపలి కుట్లు కరిగేటప్పుడు రెండో వారం అటూ ఇటూ కాస్త ఎర్రగా కూడా అవ్వొచ్చు. ప్యాడ్లే వాడండి, లోపల పెట్టుకునే టాంపాన్లు, పీరియడ్ కప్పులు వద్దు. గంటకో ప్యాడ్ నిండిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా, చెడు వాసన వస్తున్నా, నీళ్లలా ఆగకుండా కారుతున్నా వెంటనే ఫోన్ చెయ్యాలి. జ్వరం 38 డిగ్రీలు (100.4 ఫారెన్‌హీట్) దాటినా, కుట్ల దగ్గర ఎర్రగా వేడిగా అయి చీము వస్తున్నా, యూరిన్ మంటగా ఉన్నా అంతే. యూరిన్ అసలు రాకపోయినా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెడుతున్నా అదే రోజు చూపించుకోవాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా, కింద నుంచి ఏదో బయటికొచ్చినట్టు అనిపించినా ఫోన్ చేస్తూ కూర్చోవద్దు, నేరుగా ఎమర్జెన్సీకే.

స్నానం షవర్ కింద చెయ్యొచ్చు, తొట్టిలో కూర్చోవడం, ఈత మాత్రం డాక్టర్ సరే అనేదాకా వద్దు. కుట్ల మీద పౌడర్లు, క్రీములు రాయొద్దు, మెత్తటి గుడ్డతో అద్దితే చాలు. బండి నడపాలంటే సడన్ బ్రేక్ కొట్టినా నొప్పి రాకూడదు, మత్తు వచ్చే మాత్రలు ఆపేసి ఉండాలి.

భార్యాభర్తల కలయిక గర్భసంచి తీశాక కనీసం ఆరు వారాలు వద్దు, కొంతమంది డాక్టర్లు ఎనిమిది, పన్నెండు కూడా చెప్తారు, లోపల చూసి మానింది అన్నాకే. అడగడానికి సిగ్గుపడి సొంతంగా లెక్కలేసుకోకండి, లోపలి కుట్లు విడిపోవడానికి తొందరపడటం ఒక కారణం.

అండాశయాలు రెండూ తీసేస్తే కొన్ని రోజుల్లోనే ఒళ్లంతా వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవ్వొచ్చు. ఓర్చుకోవాల్సిన పని లేదు, హార్మోన్ మందులు మీకు సరిపడతాయా అని అడగండి, ఆపరేషన్ ఎందుకు చేశారన్న దాన్ని బట్టి చెప్తారు. అండాశయాలు ఉంచితే పీరియడ్స్ రావు గానీ నెలనెలా రొమ్ముల నొప్పి, చిరాకు లాంటివి ఉండొచ్చు. ఊరికే ఏడుపు రావడం కూడా మామూలే, రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్‌కి చెప్పాలి.

చెకప్‌కి వెళ్లినప్పుడు బయాప్సీ రిపోర్ట్ (తీసిన భాగాన్ని ల్యాబ్‌లో పరీక్షించిన రిపోర్ట్) అడిగి కాపీ తెచ్చుకోండి. ఏమేం తీశారు, ఏమేం ఉంచారు అని కూడా స్పష్టంగా రాయించుకోండి, ఎందుకంటే గర్భసంచి తీసి దాని మూతి ఉంచేస్తే పాప్ టెస్టులు (ఆ మూతికి క్యాన్సర్ వచ్చే సూచనలు ముందే పట్టే పరీక్షలు) మామూలుగానే చేయించుకుంటూ ఉండాలి, అది తెలీక చాలామంది ఇంక ఏ టెస్టులూ అక్కర్లేదనుకుని వదిలేస్తారు.