దసరా సరుకు దింపేముందు: సేల్స్‌మన్‌కు డబ్బు కట్టే విషయంలో జాగ్రత్తలు

దసరా, దీపావళి సరుకు దిగే రోజులు దగ్గరపడ్డాయి. నూనె, పప్పులు, బిస్కెట్లు, సబ్బులు అన్నీ మామూలు నెలకంటే ఎక్కువగా, అదీ అప్పు మీద వస్తాయి. పోయిన నెల మా వీధి చివర కిరాణా కొట్టు బాబాయి దగ్గరికి సరుకు సరఫరా చేసే ఏజెన్సీ వాళ్లు వచ్చి 1,84,000 రూపాయల బాకీ ఉందన్నారు. ఆయన నాలుగు నెలలుగా వారం వారం కడుతూనే ఉన్నారు, కానీ కట్టింది సేల్స్‌మన్ సొంత నంబరుకు. ఆ అబ్బాయి పని మానేసి ఊరు వదిలి వెళ్లిపోయాడు. బాబాయి ఫోన్ తీసి ఒక్కొక్క పేమెంటూ చూపిస్తుంటే, వచ్చినాయన "ఇవేవీ మాకు రాలేదండీ" అన్నాడు.

బిల్లు సరిచూసుకోండి, పెట్టెలు లెక్కపెట్టుకోండి అని మీకు నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒక్కటే. సేల్స్‌మన్ సొంత నంబరుకు డబ్బు పంపకండి.

"అతను వాళ్ల మనిషే కదా, అతనికి కడితే వాళ్లకు కట్టినట్టే కదా" అని చాలామంది అంటారు. ఈ మాట సగమే నిజం. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో 226వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంది. యజమాని తరఫున డబ్బు తీసుకునే అధికారం ఉన్న ఏజెంటుకు కడితే, కట్టినవాడి బాకీ తీరిపోతుంది. ఆ తర్వాత ఏజెంటు డబ్బు ఎగ్గొట్టినా నష్టం యజమానిదే. అయితే అతనికి డబ్బు తీసుకునే అధికారం ఉండాలి. ఆర్డరు రాసుకునే అధికారం వేరు, వసూలు చేసే అధికారం వేరు. మొదటిది ఉందని రెండోదీ ఉన్నట్టు కాదు.

అధికారం ఇవ్వకపోయినా, ఇచ్చినట్టు మీరు నమ్మేలా ఏజెన్సీ మాటలో, నడతలో చూపిస్తే దానికి ఏజెన్సీయే బాధ్యత వహించాలని 237వ సెక్షన్ చెబుతుంది. ఏడాదిగా అదే మనిషి ఏజెన్సీ రసీదు పుస్తకం పట్టుకొచ్చి వసూలు చేస్తుంటే, ఆ సొమ్ము మీ ఖాతాలో జమ అవుతుంటే, మీ మాటకు బలం ఉంటుంది. సొంత నంబరుకు పంపితే ఆ బలం ఎక్కడినుంచి తెస్తారు? కట్టానని చెప్పేవాడే రుజువు చూపాలి. మీ ఫోన్‌లో ఉన్న రుజువు అతనికి పంపినట్టు చెబుతుంది, ఏజెన్సీకి కట్టినట్టు కాదు.

పని మానేసిన మనిషి సంగతి ఇంకోటి. 208వ సెక్షన్ కింద పత్తి ఉదాహరణ చదవండి. మద్రాసు యజమాని బొంబాయిలో ఉన్న పత్తిని అమ్మమని ఏజెంటుకు రాసి, తర్వాత వద్దని ఇంకో ఉత్తరం రాస్తాడు. మొదటి ఉత్తరం సంగతి మాత్రమే తెలిసిన కొనుగోలుదారు ఏజెంటుకు డబ్బు కడతాడు, ఏజెంటు పారిపోతాడు. అయినా ఆ చెల్లింపు చెల్లుతుంది. అధికారం తీసేశారని మీకు తెలియనంతవరకు మీకు రక్షణ ఉంది. "ఫలానా వాడిని తీసేశాం" అని ఏజెన్సీ గ్రూపులో మెసేజ్ పెట్టారా, మీరు చూశారా, ఆ తర్వాత అతని చేతికిచ్చిన ప్రతి రూపాయికీ మీరే జవాబుదారీ.

రసీదు గురించి. ఏజెన్సీ పేరు, వరుస నంబరు అచ్చయిన పుస్తకంలోనిదే తీసుకోండి. బిల్లు వెనక పెన్నుతో "ముట్టినది" అని రాసి సంతకం పెడితే ఒప్పుకోవద్దు. బిల్లు అడుగున చిన్న అక్షరాలు చదవండి. "చెల్లింపులు మా బ్యాంకు ఖాతాకు మాత్రమే" అని అక్కడ అచ్చయి ఉంటే, తెలియదని తర్వాత చెప్పడం చాలా కష్టం.

చెక్కు అయితే ఏజెన్సీ పేరు రాసి, ఖాతాదారుకు మాత్రమే అని క్రాస్ చేసి ఇవ్వండి. పేరు ఖాళీగా వదలొద్దు.

సేల్స్‌మన్ మీ దగ్గర తీసుకున్న చేబదులు, సిగరెట్లు బిల్లులో తగ్గించుకోవద్దు. అది అతని అప్పు, ఏజెన్సీది కాదు.

"ఇప్పుడే ఇస్తే రెండు శాతం తగ్గిస్తా" అంటే ఏజెన్సీ నుంచి రాతలో తెప్పించండి.

కొత్త మనిషి వస్తే ఏజెన్సీకి ఫోన్ చేయకుండా ఒక్క రూపాయి ఇవ్వొద్దు. నంబరు అతన్ని అడగొద్దు, పాత బిల్లు మీద చూడండి.

నెలనెలా ఏజెన్సీ నుంచి లెడ్జర్ (వాళ్ల పుస్తకంలో మీ ఖాతా లెక్క) తెప్పించి మీ పుస్తకంతో కలిపి చూడండి. బాబాయి మొదటి నెలే చూసి ఉంటే నాలుగు నెలలు పోయేవి కావు.

రసీదులు పారేయొద్దు. సరుకు బాకీ మీద దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది.

జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) తీసుకునేవాళ్లు ఇంకా జాగ్రత్త. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సరఫరాదారుకు సొమ్ము ముట్టకపోతే ఆ క్రెడిట్ వడ్డీతో సహా వెనక్కి కట్టాలి.

సొంత నంబరుకు పంపకండి. "సర్వర్ డౌన్ అన్నా, ఈ ఒక్కసారికి" అన్నా పంపకండి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక వచ్చే పేరు చదవండి. మనిషి పేరు వస్తే ఆపేయండి.

ఇప్పటికే పంపి ఉంటే సేల్స్‌మన్‌ను కదపకముందే ఏజెన్సీకి ఏ తేదీన ఎంత, ఏ నంబరుకు పంపారో రాసి పంపండి. ఈ రోజే పంపండి.